కండక్టరమ్మ కొన్న పేరులేని మందు

మా మేడ మీది వాటాలో ఉండే కండక్టరమ్మకు ముక్కు మీద కోపమని అందరూ అంటారు. నేనొప్పుకోను. ముక్కు మీద కోపం ఉన్నవాళ్లు ప్రతిదానికీ చిటపటలాడతారు. ఆమె అలా కాదు. బస్సు ఆలస్యమైందని ఎవరైనా తిట్టినా, రద్దీలో కాలు తొక్కినా, చంటిపిల్లాడు యూనిఫాం మీద పాలు కక్కినా నవ్వి ఊరుకుంటుంది. కానీ తెలిసి తెలిసి ఎదుటి మనిషికి అన్యాయం చేశారో, ఇక వాళ్ల పని అయిపోయినట్టే. ఒకసారి నిండు గర్భిణి నిలబడి ఉంటే, సీట్లో ఉన్న పెద్దమనిషి నిద్ర నటించాడట. ఈమె బస్సు ఆపించింది. "ఈయన నిద్ర లేచేదాకా బండి కదలదు" అని చెప్పి తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. చివరికి బస్సులో వాళ్లందరూ కలిసి ఆయన్ని లేపారు.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. కండక్టరమ్మ, ఆమె భర్త, ఆయన తల్లి. భర్త కళ్లజోళ్ల షాపులో అద్దాలు సానబట్టి ఫ్రేముల్లో బిగిస్తాడు. నోట్లోంచి మాట పెగలని మనిషి. అత్తగారు దానికి పూర్తిగా వ్యతిరేకం. ఒంట్లో ఓపికున్నంత కాలం బట్టల అద్దకం కార్ఖానాలో రంగులు కలిపిందావిడ. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాక కాళ్లకు పని పోయింది గానీ నోటికి పోలేదు. కోడలితో రోజూ ఏదో ఒక పేచీ ఉండాల్సిందే. పేచీ వినపడని రోజున, పైన అందరూ కులాసాగానే ఉన్నారా అని కింద ఉన్న నాకే బెంగగా ఉండేది.

ఆవిడ మంచం ముందుగదిలో కిటికీ పక్కన వేశారు. కిటికీలోంచి చూస్తే పక్క మేడ గోడ. పెచ్చులూడిన సున్నం, దాని మీదుగా ఒక నీళ్ల గొట్టం, అంతే. "ఈ గోడని చూస్తూ పోవాలా నేను?" అని ఒకరోజు ఆవిడ అడిగింది. ఆ వారం సెలవు రోజున కండక్టరమ్మ రెండు మందారం కుండీలు తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టింది. కొన్నాళ్లకు మూడోది తెచ్చింది. ఒకటి ఎరుపు, ఒకటి పసుపు, ఇంకోటి గులాబీ రంగు ముద్దమందారం. డ్యూటీ నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా ముందు మట్టిలో వేలు పెట్టి తడి చూసేది. అత్తగారు ప్రతి పువ్వునూ రంగుల పనిలో ఆరితేరిన కళ్లతో పరీక్షించి తీర్పు చెప్పేది.

"ఈ ఎరుపు ఒక్క ముంపు ఎరుపే అమ్మాయీ. ఇంకోసారి ముంచితే గానీ రంగు తేలదు."

"సరే అత్తయ్యా, రేపు మొక్కని పిలిచి చెప్తాను."

నాలుగో కుండీ తెచ్చింది భర్త. తోపుడుబండి మీద నారింజరంగు మందారం కనిపించిందట. అమ్మకు ఈ రంగు లేదు గదా అనుకుని, ఇంటికి తెచ్చి సరాసరి ఆ మూడు కుండీల మధ్యలో ఇరికించాడు. కొమ్మలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

తేడా ముందు పసిగట్టింది అత్తగారే. మొగ్గలు విచ్చకుండానే పసుపు పట్టి రాలిపోతున్నాయి. ఆకులు ముట్టుకుంటే వేళ్లకు జిగురు అంటుకుంటోంది. కిటికీ గట్టు మీద చీమలు బారులు తీరాయి. కండక్టరమ్మ మొదట పెద్దగా పట్టించుకోలేదు. ఆకు మొదలు దగ్గర తెల్లగా కనిపించిన దాన్ని దిండులోంచి ఎగిరిన దూది అనుకుని గిల్లి పారేసింది. మర్నాడు అక్కడే మళ్లీ దూది. భర్త షాపు నుంచి తెచ్చిన భూతద్దం పెట్టి చూస్తే ఆ దూది మెల్లగా నడుస్తోంది.

అది పిండినల్లి. ఒంటి నిండా తెల్లని మైనపు పిండి పూసుకుని, కొమ్మకు మూతి గుచ్చి రసం పీలుస్తుంది. తాగింది తాగగా మిగిలింది తియ్యటి జిగురులా విసర్జిస్తే దానికోసం చీమలొస్తాయి. ఆ జిగురు మీద నల్లగా మసి పడుతుంది. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. ఆ రోజుకు ఆమెకు తెలిసిందల్లా తన ఇంట్లో, తన అత్తగారి కళ్లెదుట, తను నీళ్లు పోసి పెంచిన మొక్కను ఎవరో కూర్చుని తాగేస్తున్నారని.

"టికెట్టు లేకుండా ఎక్కింది చాలక, సీటు కూడా కావాలా మీకు?" అంటూ గోటితో నలిపేయడం మొదలుపెట్టింది. నలిపినకొద్దీ పుట్టుకొచ్చాయి. ఆకుల అడుగున, కొమ్మల సందుల్లో, కుండీ అంచు కింద, ఎక్కడ చూసినా అవే. ఎక్కువగా ఉన్నది నారింజ మందారం మీద. భర్త వైపు ఒక చూపు చూసింది. ఆయన పేపరు తిరగేసి పట్టుకుని చదువుతున్నట్టు నటించాడు.

సంత వీధిలో విత్తనాలు, కుండీలు, ఎరువులు, పురుగుమందులు అమ్మే షాపొకటి ఉంది. 'ఇంటి మొక్కలకు అన్ని మందులూ లభించును' అని బోర్డు. తెల్లదూది అంటుకున్న ఆకు ఒకటి కవరులో పెట్టుకుని కండక్టరమ్మ అక్కడికి వెళ్లింది. షాపాయన ఆకు వంక చూడకుండానే లోపలికి వెళ్లి, ఒక నీలం డ్రమ్ములోంచి పాలలా ఉన్న మందును ఖాళీ తాగునీళ్ల సీసాలోకి వంచి, మూత బిగించి చేతిలో పెట్టాడు. ఆ మాటలు ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఒక్క ముక్క కూడా మారలేదు.

"ఏం మందు బాబూ ఇది?"

"పురుగు మందేనమ్మా."

"ఇంట్లో కొట్టొచ్చా? మంచం మీద పెద్దావిడ ఉంటారు."

"ఏం కాదు. అర మూత నీళ్లలో కలిపి, కిటికీ తీసి కొట్టండి. పొలాల్లో రోజూ కొట్టేదే."

"రసీదు?"

ఆయన నవ్వాడట. "సీసాడు మందుకు రసీదేంటమ్మా!"

సెలవు రోజు మధ్యాహ్నం, ఇస్త్రీ బట్టల మీద నీళ్లు చల్లే డబ్బాలో మందు కలిపింది. కిటికీ బార్లా తెరిచింది. అత్తగారి ముఖం మీద పల్చటి తువ్వాలు కప్పింది. మందు కొడుతుంటే బయటి గాలి లోపలికి విసిరింది. తుంపరంతా ముసలావిడ మంచం మీద, దుప్పటి మీద పడింది. ఘాటు వాసనకు కండక్టరమ్మకే కళ్లు మండాయి. "ఏమిటే ఈ కంపు!" అని అత్తగారు తిట్టింది. ఆ తిట్టు వినబడ్డాక చాలాసేపు పై నుంచి ఏ చప్పుడూ రాలేదు. నేను ఇంట్లో కూర్చుని పుస్తకాల అచ్చుతప్పులు దిద్దుకుంటాను కాబట్టి పై వాటా సంగతులు నా చెవిన పడుతూనే ఉంటాయి.

తర్వాత మెట్ల మీద నుంచి కేక. "తమ్ముడూ! ఓసారి రా! అత్తయ్యకు ఊపిరందడం లేదు!"

వెళ్లి చూస్తే ముసలావిడ నోటి వెంట చొంగ కారుతోంది. ఒళ్లంతా ముచ్చెమటలు. చేతివేళ్లు వణుకుతున్నాయి. మాట్లాడబోతే గొంతులో గురక తప్ప మాట రావడం లేదు. కుర్చీలో కూర్చోబెట్టి, నేనొక వైపు, ఆమె ఒక వైపు పట్టుకుని మెట్లు దించాం. టాక్సీలో దారి పొడవునా కండక్టరమ్మ మందు సీసాను గట్టిగా పట్టుకుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. చూస్తూనే అర్థం చేసుకుని సూది మందు ఎక్కించమని నర్సును పురమాయించింది. బట్టలన్నీ తీసేయించి, సబ్బుతో ఒళ్లు కడిగించింది. మా వైపు తిరిగి, "ఏ మందు?" అంది.

"పురుగుల మందు."

"ఏ పురుగుల మందు? పేరేంటి? ఒక్కో దానికి ఒక్కో విరుగుడు ఉంటుంది. కొన్నిటికి ఇచ్చేది ఇంకొన్నిటికి ఇవ్వకూడదు. చెప్పండి తొందరగా."

కండక్టరమ్మ సీసా చాపింది. దాని మీద కాగితం ఊడిపోకుండా అలాగే ఉంది. నీలం కొండలు, జలపాతం, కింద 'స్వచ్ఛమైన తాగునీరు' అని అచ్చు. డాక్టరమ్మ ఆ కాగితం వైపూ, మా వైపూ మార్చి మార్చి చూసింది. మాకు సిగ్గుగా అనిపించింది.

కబురందుకుని వచ్చిన భర్తను పేరు కనుక్కు రమ్మని షాపుకు పరుగెత్తించారు. ఆయన వెళ్లినంత వేగంగానే తిరిగొచ్చాడు. "గుర్తు లేదంటున్నాడు. అసలు మనకేం అమ్మలేదంటున్నాడు" అని నీళ్లు నమిలాడు.

కండక్టరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీరు అత్తయ్య దగ్గర కూర్చోండి" అని చెప్పి సీసా పట్టుకుని బయల్దేరింది. నన్ను రమ్మనలేదు గానీ నేనే వెంటపడ్డాను.

షాపు జనంతో కిటకిటలాడుతోంది. ఆమె లోపలికి వెళ్లలేదు. గుమ్మంలో అటూ ఇటూ చేతులు ఆనించి నిలబడింది. లోపలివాళ్లు బయటికీ, బయటివాళ్లు లోపలికీ పోవడానికి దారి లేదు. ఏళ్ల తరబడి నిండు బస్సులో వెనక తలుపు నుంచి ముందు తలుపు దాకా వినబడిన గొంతు అది.

"మొన్న నాకు ఈ సీసాలో పోసిచ్చిన మందు పేరేంటి?"

షాపాయన తలెత్తాడు. "ఏ సీసానమ్మా? నేనివ్వలేదు."

"ఆ నీలం డ్రమ్ములోంచి ఇచ్చావు. ఇంట్లో పెద్దావిడ ఉన్నారంటే ఏం కాదన్నావు. ఇప్పుడావిడ ఆసుపత్రిలో ఊపిరికోసం కొట్టుకుంటోంది. నేను నీతో గొడవకు రాలేదు. గొడవ తర్వాత పడతాను, దానికి టైముంది. ఇప్పుడు పేరు కావాలి."

"అమ్మా, బేరాల వేళ గొడవేంటి? పక్కకు జరగండి."

"జరగను. ఇక్కడున్న వాళ్లందరూ వినండి. ఈయన డ్రమ్ములోంచి వంచి ఇచ్చే మందు ఏమిటో ఈయనకే తెలియదు. మీరు ఇంటికి పట్టుకెళ్తున్నదేమిటో మీకైనా తెలుసా?"

ఒకాయన తన చేతిలో సీసాను ఎత్తి చూసుకున్నాడు. అది కూడా తాగునీళ్ల సీసాయే. "ఏమండీ, ఇదేం మందు?" అని అడిగాడు. ఇంకొకరూ అడిగారు. చివరికి షాపాయన గొంతు తగ్గించి అసలు సంగతి బయటపెట్టాడు. పెద్ద డబ్బాల అడుగున మిగిలిపోయినవి, తారీఖు దాటిపోయినవి పారేయడం దేనికని ఆ డ్రమ్ములో పోస్తుంటాడట. చిన్నచిన్న బేరాలకు అందులోంచి ఇస్తాడట. ఈమధ్య పోసినవి రెండు రకాలు.

"మిగిలిపోయిన కూరలనుకున్నావా, అన్నీ ఒకే గిన్నెలో కలపడానికి?" అంది కండక్టరమ్మ. "ఏవీ ఆ డబ్బాలు? పట్రా!"

తెచ్చాడు. రెండు ఖాళీ డబ్బాలనూ చంకలో ఇరికించుకుని ఆమె పరుగులాంటి నడకతో ఆసుపత్రికి వచ్చింది. డాక్టరమ్మ వాటి మీది పేర్లు చదివి, అప్పటిదాకా ఇస్తున్న మందుకు ఇంకొకటి జతచేసింది. రాత్రికి ముసలావిడ ఊపిరి కుదుటపడింది. మర్నాడు కళ్లు తెరిచి, ముక్కుకు పెట్టిన గొట్టం పక్కనుంచి కోడల్ని అడిగిన మొదటి మాట: "పురుగులు చచ్చాయా?"

ఇంటికెళ్లి చూసొచ్చిన కండక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. ఒంటి మీద మైనపు పిండి ఉండడం వల్ల వాటికి మందు సరిగా అంటనే లేదు. మూడొంతులు బతికే ఉన్నాయి.

"నేను పోయినంత పనైంది. అవి మాత్రం నిక్షేపంగా ఉన్నాయన్నమాట" అంది అత్తగారు. నవ్వబోతే దగ్గొచ్చింది.

కండక్టరమ్మ నవ్వలేదు. ఆసుపత్రి వరండాలోకి వచ్చి గోడకేసి నిలబడింది. "నా చేత్తో నేనే కొట్టాను తమ్ముడూ. అడిగి మరీ కొట్టాను" అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. కళ్లు ఎర్రబడ్డాయి, అంతే.

ముసలావిడ ఇంటికి వచ్చాక ఆమె సెలవు పెట్టి వ్యవసాయ శాఖ కార్యాలయానికి వెళ్లింది. అక్కడి అధికారి అంతా విని, "పొలాల మందు ఇంట్లో ఎందుకు కొట్టారండీ? తప్పు మీది గదా?" అన్నాడట.

"నేను అడిగాను. ఏం కాదన్నాడు."

"రసీదు ఉందా?"

"ఇవ్వలేదు."

"మరి ఆధారం?"

"ఆధారం మా ముందుగదిలో మంచం మీదుంది. నడవలేదు, తీసుకురాలేను. మీరే రండి చూద్దురు గాని" అని ఆయన ఎదుటి కుర్చీలో కూర్చుంది. ఆఫీసు కట్టేసే వేళ దాకా లేవలేదు. మర్నాడూ వెళ్లి అదే కుర్చీలో కూర్చుంది. ఆమె పోరు పడలేక చివరికి తనిఖీకి మనిషిని పంపారు. డ్రమ్మును సీలు వేసి పట్టుకెళ్లారు. షాపు కొన్నాళ్లు మూతపడి మళ్లీ తెరుచుకుంది. షాపాయనకు పడిన శిక్ష అంతే. దాని గురించి చెప్పేటప్పుడు కండక్టరమ్మ ఇప్పటికీ పళ్లు కొరుకుతుంది. "మా బస్సులో టికెట్టు తీసుకోని వాణ్ణి కూడా ఇంతకంటే గట్టిగా పట్టుకుంటారు!" అంటుంది.

ఇక పురుగుల సంగతి. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మే చెప్పింది. వాళ్లింట్లో మొక్కలకూ ఇవి పడతాయట. ఆసుపత్రిలో సూది వేసే ముందు చర్మానికి రాసే స్పిరిట్‌లో దూది ముంచి, కనిపించిన ప్రతి పురుగునూ తుడిచేయాలట. కాస్త సబ్బు కలిపిన నీళ్లతో ఆకుల అడుగులు కడగాలట. ముందు ఒక్క ఆకు మీద వేసి చూసుకోవాలట, మాడిపోకుంటే అప్పుడు మిగతావి. గుడ్లు మళ్లీ పొదుగుతాయి కాబట్టి వారం వారం చేయాలట.

అది విని కండక్టరమ్మ సంతోషించాల్సింది పోయి మళ్లీ మండిపడింది. "చారెడు స్పిరిట్, కాసింత సబ్బు! ఈ ముక్క ఆ షాపువాడికి తెలియదా? తెలుసు! స్పిరిట్ వాడు అమ్మడు గదా, అందుకని చెప్పడు!"

కుండీలన్నీ అత్తగారి గదిలోంచి మెట్ల దగ్గరి వసారాలోకి మారాయి. మందు పడ్డ మొక్కలను ముందు బాగా కడిగింది. డ్యూటీ నుంచి వచ్చి, మోకాళ్లు నొప్పులు పుడుతున్నా పీట వేసుకుని కూర్చుని, చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలతో కొమ్మ సందులన్నీ తుడిచేది. చీమలు ఎక్కకుండా ప్రతి కుండీనీ నీళ్లు పోసిన పళ్లెంలో ఇటుక ముక్క మీద నిలబెట్టింది. బాగా పాడైన కొమ్మలు కోసి, సంచిలో మూట కట్టి చెత్తబండికిచ్చింది. భర్త భూతద్దం పట్టుకుని పక్కన కూర్చునేవాడు. "ఇదిగో, ఇక్కడొకటి" అనడమే ఆయన పని. ఆ కాలంలో ఆయన మాట్లాడినన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు.

నారింజ మందారం దగ్గర అత్తాకోడళ్లకు పెద్ద పేచీ పడింది.

"దీన్ని పారేస్తాను. ఇదే తెచ్చింది దరిద్రమంతా."

"పారేశావో నీతో మాట్లాడను. ఆ రంగు కోసం మా కార్ఖానాలో ఎన్ని పీపాలు పాడుచేశామో నీకేం తెలుసు?"

"మాట్లాడకపోతే నాకు అంతకంటే కావలసిందేముంది అత్తయ్యా!"

చివరికి పారేయలేదు. మోడుగా కోసి, వేళ్లు కడిగి, కొత్త మట్టిలో పెట్టి, మిగతావాటికి దూరంగా మా గుమ్మం పక్కన ఉంచింది. అది బతకలేదు. అంత కురచగా కోసినందుకే చచ్చిందని ముసలావిడ కొన్నాళ్లు కోడల్ని సాధించింది. మిగతా మూడూ మెల్లగా తేరుకుని చిగుళ్లు వేశాయి. మళ్లీ మొగ్గలు నిలిచాక గానీ వాటిని కిటికీ గట్టు ఎక్కనివ్వలేదు. ఎక్కించాక కూడా వారానికోసారి దూది పుల్లలు బయటికి తీస్తూనే ఉంది. పిండినల్లి పూర్తిగా పోయిందని ఆమె ఎన్నడూ అనదు. "దాక్కుని ఉంటాయి వెధవలు" అంటుంది.

అయితే ఆమె కోపం ఆ వసారాలో చల్లారలేదు. ఆమె బస్సు రోజూ సంత వీధి మీదుగానే పోతుంది. ఆ స్టాపు రాగానే, "సంత వీధి! దిగేవాళ్లు దిగండి!" అని కేకేసి, అదే ఊపులో, "మొక్కల మందు కొనేవాళ్లు సీలున్న డబ్బా, పేరున్న డబ్బా అడగండి! సీసాల్లో వంచి ఇస్తే తీసుకోకండి! రసీదు లేకుండా కొనకండి!" అని కూడా చెప్పడం మొదలుపెట్టింది. కొందరు నవ్వారు. కొందరు శ్రద్ధగా విన్నారు. షాపాయన డిపోకు ఫిర్యాదు చేశాడు. డిపో మేనేజరు పిలిచి, "స్టాపుల పేర్లు చెప్పడం వరకే మీ ఉద్యోగం" అన్నాడు.

"జనాన్ని క్షేమంగా దించడం కూడా నా ఉద్యోగమే సార్" అంది కండక్టరమ్మ.

మెమో ఇచ్చారు. ఆమె మానలేదు. చివరికి ఊరి అవతలి రూటుకు మార్చేశారు. ఆ రూటుకు పొద్దున్నే లేవాలి, రెండు బస్సులు మారి డిపో చేరాలి. ఆ వార్త వచ్చిన రోజు మేడ మీద ఆమె గొంతు మా వీధి చివరిదాకా వినబడింది. అన్యాయం చేసినవాడు బోర్డు కూడా మార్చకుండా దర్జాగా కూర్చున్నాడు, అన్యాయం అన్నవాళ్లను ఊరవతలికి తోశారు అని ఆమె రెచ్చిపోతుంటే, అత్తగారు మంచం మీంచి "ఇంకా గట్టిగా అను, మీ మేనేజరుకు వినబడాలి" అని ఎగదోసింది. ఆ విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

మొన్న పనుండి ఆ కొత్త రూటు బస్సెక్కాను. జనం కిక్కిరిసి ఉన్నారు. ఆమె నన్ను చూడలేదు. కూరగాయల తోటల దగ్గరి స్టాపులో బస్సు ఆగింది. రోడ్డు గట్టుకు ఆనుకుని రెండు ఎరువుల షాపులు కనిపించాయి. కండక్టరమ్మ తలుపులోంచి వంగి వాటి బోర్డులు చదివింది. తర్వాత లోపలికి తిరిగి, "మందు కొనేవాళ్లు సీలున్న డబ్బా, పేరున్న డబ్బా అడగండి!" అని పాత కేకే అందుకుంది. చంకలో మందు కొట్టే పంపు ఇరికించుకుని దిగబోతున్న ఒక రైతు మెట్టు మీదే ఆగిపోయి, "అయితే డబ్బా మీద ఏం చూడాలమ్మా?" అని అడిగాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతూనే ఉన్నాడు.